ఫోన్ నుంచి డీఎస్‌ఎల్‌ఆర్‌కు: కెమెరా ఎంచుకోవడం, లెన్సులు సమకూర్చుకోవడం, వరుస తప్పకుండా

బతుకమ్మ పండుగ దగ్గర పడ్డప్పుడు, పెళ్లి ముహూర్తాలు మొదలయ్యే ముందు ఒకటే ప్రశ్న వస్తుంటుంది. "ఫోన్‌తో బాగానే తీస్తున్నా. డీఎస్‌ఎల్‌ఆర్ కొందామనుకుంటున్నా. ఏ కెమెరా తీసుకోవాలి, ఏ లెన్స్ తీసుకోవాలి?"

నా జవాబు ఇదీ: బాడీ (లెన్స్ లేని కెమెరా) దగ్గర డబ్బు మిగల్చండి, లెన్స్ మీద పెట్టండి. ఆ లెన్స్ కూడా మొదటి రోజే కొనకండి. కిట్ లెన్స్‌తో (కెమెరాతో పాటే వచ్చేది) రెండు మూడు నెలలు తీసి, మీ ఫొటోలు ఏం అడుగుతున్నాయో చూసి కొనండి. ఈ వరుస తప్పినవాళ్లే బీరువాలో వాడని లెన్సులు దాచుకుంటున్నారు.

1. షాపుకు పోయే ముందు ఫోన్ గ్యాలరీ తిరగేయండి

ఈ ఏడాది తీసిన వాటిలో మీకు బాగా నచ్చినవి ఓ యాభై ఫొటోలు పక్కకు తీయండి. అవి దేనివో చూడండి: ఇంట్లో పిల్లలా, గుళ్లా, చెరువు గట్టు మీద పక్షులా, పెళ్లిళ్లా? తర్వాత చెడిపోయిన ఫొటోలూ చూడండి. ఎందుకు చెడిపోయాయన్నది ఇంకా ముఖ్యం.

- చీకట్లో మసకగా వచ్చినవి ఎక్కువుంటే: వెలుతురు ఎక్కువ పట్టే లెన్స్ మీ అవసరం.
- జూమ్ చేసి పాడైనవి ఎక్కువుంటే: టెలీ లెన్స్ అవసరం.
- ఫ్రేములో పట్టక తల తెగిన గోపురాలు ఎక్కువుంటే: వైడ్ లెన్స్ అవసరం.
- పగటి వెలుతురులో తీసినవన్నీ బాగానే ఉంటే: కొన్నాళ్లు ఆగండి. ఆ పనికి ఫోన్ సరిపోతుంది.

ఇదంతా ఒక కాగితం మీద రాసి, జేబులో పెట్టుకునే షాపుకు పోండి. అది లేకపోతే, "గీ రెండు లెన్సుల కిట్టు తీస్కోండ్రి అన్నా, బ్యాగు, ట్రైపాడ్ ఫ్రీ" అని షాపువాడు అన్న మాట దగ్గరే బేరం కుదిరిపోతుంది.

2. బాడీ ఎంపిక: అసలు ఎంచుకునేది మౌంట్‌ను

ముందు ఒక విషయం తెలిసి ఉండాలి. కెనాన్, నికాన్ రెండూ 2020 తర్వాత కొత్త డీఎస్‌ఎల్‌ఆర్ మోడల్ తేలేదు, రెండూ మిర్రర్‌లెస్ వైపు పోయాయి (డీఎస్‌ఎల్‌ఆర్‌లో లెన్స్ వెనక అద్దం ఉంటుంది, మిర్రర్‌లెస్‌లో ఉండదు). అంతమాత్రాన డీఎస్‌ఎల్‌ఆర్ పనికిరానిది కాలేదు. పాత బాడీలు, వాటి లెన్సులు సెకండ్ హ్యాండ్‌లో అందుబాటు ధరకు దొరుకుతున్నాయి. నేర్చుకునేవాళ్లకు ఇది మంచి అవకాశం. ఫొటోగ్రఫీనే వృత్తిగా పదేళ్లు చేయాలనుకునేవాళ్లు మాత్రం నేరుగా మిర్రర్‌లెస్‌కే పోవడం మేలు.

బాడీ కొన్నామంటే దాని మౌంట్‌ను, అంటే లెన్స్ తగిలించే అమరికను, కొన్నట్టే. కెనాన్ లెన్స్ నికాన్‌కు పట్టదు. మీ అన్నయ్య దగ్గరో, దోస్తు దగ్గరో ఇప్పటికే లెన్సులుంటే అదే కంపెనీ తీసుకోండి. అడిగి తెచ్చుకుని వాడి చూడొచ్చు, అది చాలా పెద్ద లాభం.

నికాన్‌లో రెండు మెలికలున్నాయి, సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లు తప్పక గుర్తుంచుకోవాలి.

మొదటిది: డీ3000, డీ5000 వరుసల బాడీల్లో ఫోకస్ మోటార్ ఉండదు. ఏఎఫ్-డీ అని రాసున్న పాత లెన్స్ పెడితే ఫోకస్ చేత్తో తిప్పుకోవాల్సిందే. వీటికి ఏఎఫ్-ఎస్ లేదా ఏఎఫ్-పీ లెన్సులు కావాలి.

రెండోది దీనికి ఎదురు: డీ3100, డీ3200, డీ5100, డీ7000 లాంటి పాత బాడీల మీద ఏఎఫ్-పీ లెన్స్ ఫోకసే చేయదు. "కొత్త లెన్స్ కదా, అన్నింటికీ పనిచేస్తుంది" అనే మాట నమ్మకండి. మీ బాడీకి తగిలించి, ఫొటో తీసి చూశాకే డబ్బు ఇవ్వండి.

కెనాన్‌లో చిక్కు తక్కువ. 1500డీ, 200డీ లాంటి చిన్న సెన్సర్ (వెలుతురును ఫొటోగా మార్చే పలక) బాడీలకు ఈఎఫ్, ఈఎఫ్-ఎస్ రెండూ పడతాయి. ఈఎఫ్-ఎస్ లెన్సులు మాత్రం ఫుల్ ఫ్రేమ్ (పెద్ద సెన్సర్) బాడీకి పట్టవు.

3. సెకండ్ హ్యాండ్ అయితే ఇవన్నీ చూడండి

పగటిపూట కలవండి. మీ మెమరీ కార్డు, మీ ఫోన్ టార్చి, వీలైతే ఒక ల్యాప్‌టాప్ తీసుకెళ్లండి.

- షట్టర్ కౌంట్ (ఇప్పటిదాకా ఎన్ని ఫొటోలు తీశారన్న లెక్క): మొదటి మెట్టు బాడీల షట్టర్‌ను సాధారణంగా లక్ష క్లిక్కుల లెక్కన చేస్తారు. నికాన్‌లో తీసిన జేపెగ్ ఫైలులోనే ఈ అంకె ఉంటుంది. కెనాన్‌కు చాలా మోడళ్లలో ప్రత్యేక సాఫ్ట్‌వేర్ కావాలి.
- సెన్సర్ దుమ్ము: అపర్చర్ (లెన్స్ లోపలి రంధ్రం) ఎఫ్ 16 పెట్టి ఖాళీ ఆకాశాన్ని తీయండి. స్క్రీన్ మీద పెద్దది చేసి చూస్తే మచ్చలు కనిపిస్తాయి. దుమ్మయితే శుభ్రం చేయించుకోవచ్చు, గీతలైతే వదిలేయండి.
- ఫంగస్: లెన్స్‌ను బాడీ నుంచి తీసి, వెనక నుంచి టార్చి వేసి, ముందు నుంచి చూడండి. సాలెగూడు దారాల్లాంటివి కనిపిస్తే ఎంత తక్కువకిచ్చినా వద్దు.
- ఫోకస్: దగ్గరిది, దూరపుది మార్చి మార్చి ఒక ఇరవై ఫొటోలు తీయండి.
- జూమ్ రింగు, ఫోకస్ రింగు తిప్పితే ఇసుక రాపిడి చప్పుడు రాకూడదు.
- బిల్లు మీది సీరియల్ నంబరు, బాడీ అడుగున ఉన్న నంబరు ఒకటేనా? బిల్లు లేకపోతే కొనకండి.

4. లెన్స్ మీది అంకెలు చదవడం

లెన్స్ అంచు చుట్టూ 18-55 మి.మీ., 3.5-5.6 అని రాసి ఉంటుంది. మొదటి జంట, అంటే ఫోకల్ లెంగ్త్, ఎంత వెడల్పు, ఎంత దగ్గర అన్నది చెబుతుంది. రెండో జంట లోపలికి ఎంత వెలుతురు వస్తుందన్నది.

చిన్న సెన్సర్ బాడీల్లో నికాన్‌కు 1.5, కెనాన్‌కు 1.6 పెట్టి హెచ్చవేస్తే ఫుల్ ఫ్రేమ్ లెక్క వస్తుంది. అంటే 18 మి.మీ. కెనాన్ మీద దాదాపు 29 అవుతుంది. చాలా ఫోన్ల ప్రధాన కెమెరా ఇంచుమించు 24 నుంచి 26 మధ్య ఉంటుంది. కాబట్టి కిట్ లెన్స్ పూర్తి వెడల్పులో పెట్టినా ఫోన్ కంటే కొంచెం తక్కువే పడుతుంది. "ఇంత పెద్ద కెమెరా కొన్నా గుడి మొత్తం పట్టడం లేదు" అని కంగారు పడేది ఇందుకే.

అపర్చర్ లెక్క ఇంకా ముఖ్యం. ఎఫ్ పక్కన అంకె తగ్గేకొద్దీ లోపలికొచ్చే వెలుతురు పెరుగుతుంది. ఎఫ్ 5.6తో పోలిస్తే ఎఫ్ 1.8 దాదాపు పది రెట్లు ఎక్కువ వెలుతురు లాగుతుంది. ఒకచోట ఎఫ్ 5.6 దగ్గర ఐఎస్ఓ (వెలుతురుకు సెన్సర్ స్పందించే స్థాయి) 12800 కావాల్సి వస్తే, ఎఫ్ 1.8 దగ్గర 1300 చుట్టుపక్కల సరిపోతుంది. మొదటి ఫొటో నిండా గరుకు మచ్చలు, రెండోది నున్నగా ఉంటుంది. బాడీ మార్చితే ఇంత తేడా రాదు.

ఇక అక్షరాలు. కెనాన్‌లో ఐఎస్, నికాన్‌లో వీఆర్ అని ఉంటే చేతి వణుకును అదుపు చేసే ఏర్పాటు ఉన్నట్టు. టెలీ లెన్స్‌కు ఇది లేకపోతే కొనకండి. కెనాన్ 75-300లో ఐఎస్ లేని రకం చవగ్గా అంటగడుతుంటారు, దాని బదులు 55-250 ఐఎస్ ఎస్‌టీఎం ఎంతో నయం. నికాన్ ఏఎఫ్-పీ 70-300 కూడా వీఆర్ ఉన్నదీ, లేనిదీ రెండు రకాలు. డబ్బా మీద ఆ రెండు అక్షరాలు వెతకండి.

5. మొదటి సాయంత్రం సెట్టింగులు

డబ్బా విప్పగానే ఆటో మోడ్‌లో పెట్టి ఇల్లంతా తీస్తారు. ముందు పావుగంట ఇవి చేయండి, ఇదే వరుసలో.

- కంటి దగ్గర వ్యూఫైండర్ పక్కన చిన్న చక్రం ఉంటుంది. లోపల కనిపించే అంకెలు స్పష్టంగా వచ్చేదాకా తిప్పండి. అద్దాలు పెట్టుకునేవాళ్లకు ఇది మరీ ముఖ్యం. ఇది వదిలేసి "ఫోకస్ సరిగ్గా లేదు" అని సర్వీసు సెంటర్ దాకా పోయేవాళ్లున్నారు.
- ఫైల్ రకం: రా (కెమెరా సవరించని ముడి ఫైలు), జేపెగ్ రెండూ.
- మోడ్: కెనాన్‌లో ఏవీ, నికాన్‌లో ఏ. అపర్చర్ మీరు చెబుతారు, షట్టర్ (తెర ఎంతసేపు తెరుచుకోవాలన్నది) కెమెరా చూసుకుంటుంది.
- ఐఎస్ఓ: ఆటో, గరిష్ఠం 3200 లేదా 6400.
- ఫోకస్ పాయింటు: మధ్యది ఒక్కటే. కెమెరాకు వదిలేస్తే మనిషిని విడిచి ముందున్న కొబ్బరికాయను పట్టుకుంటుంది.
- స్క్రీన్ మీద కాకుండా వ్యూఫైండర్‌లోంచే చూసి తీయడం అలవాటు చేసుకోండి. డీఎస్‌ఎల్‌ఆర్ వేగంగా ఫోకస్ పట్టేది అక్కడే.

చేతిలో పట్టుకుని తీసేటప్పుడు షట్టర్ ఎంత ఉండాలన్నది సులువు లెక్క. ఫోకల్ లెంగ్త్‌ను 1.5తోనో 1.6తోనో హెచ్చవేసి, దాన్ని ఒకటి కింద రాయండి. 50 మి.మీ.కు 1/80 సెకను, 250కి 1/400. ఐఎస్, వీఆర్ ఉంటే ఇంకా తగ్గించొచ్చు. అయితే అది మీ చేతి వణుకునే ఆపుతుంది, ఎదుటి మనిషి కదలికను ఆపదు.

6. "ఫోన్ ఫొటోనే బాగుంది" అనిపించే నెల

దాదాపు అందరికీ ఇలా అనిపిస్తుంది. చాలామంది కెమెరా అమ్మేసేది ఇక్కడే, అందుకే కాస్త వివరంగా చెబుతాను.

ఫోన్ ఒక్క నొక్కుకు చాలా ఫ్రేములు తీసి, ఆకాశం ఒకదాంట్లోంచి, నీడ ఇంకోదాంట్లోంచి తీసుకుని కలిపేస్తుంది. రంగులు పెంచుతుంది, అంచులకు పదును పెడుతుంది. డీఎస్‌ఎల్‌ఆర్ ఒక్క ఫ్రేమే తీసి మీ చేతికిస్తుంది. మిగతా పని మీది.

రామప్ప గుడి దగ్గర ఇది బాగా తెలుస్తుంది. పాలంపేటలో గుడి చూరు కింద, స్తంభాల నుంచి బయటికి వంగి నల్లరాతి మదనికలు (స్త్రీ శిల్పాలు) నిలబడి ఉంటాయి. మీరు కింద నుంచి తలెత్తి చూస్తారు. బొమ్మ నీడలో ఉంటుంది, వెనక తెల్లటి ఆకాశం. కెమెరా ఆకాశాన్ని చూసి వెలుతురు ఎక్కువైందనుకుని ఫొటోను చీకటి చేస్తుంది. మదనిక నల్లటి నీడలా మిగులుతుంది, నగల చెక్కడం ఒక్కటీ కనిపించదు.

ఇక్కడ ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (ఫొటో వెలుతురు సవరించే) బటన్ నొక్కి +1 నుంచి +2 దాకా పెంచండి. ఆకాశం తెల్లబోతే పోనివ్వండి, మీరు తీస్తున్నది శిల్పాన్ని.

అదే శిల్పాన్ని టెలీతో ఫ్రేము నిండా దగ్గరికి లాగితే లెక్క తిరగబడుతుంది. ఇప్పుడు కెమెరాకు కనిపించేదంతా నల్లరాయే. వెలుతురు చాలలేదనుకుని అనవసరంగా పెంచుతుంది, నున్నటి నల్లరాయి బూడిద రంగుకు మారుతుంది. ఈసారి −1 దాకా తగ్గించాలి. ఒకే బొమ్మ, ఒకే నిమిషం, రెండు ఎదురెదురు సవరణలు. ఈ తేడా చేతికి వచ్చిందంటే సగం ఫొటోగ్రఫీ వచ్చినట్టే.

ఎండలో వెనక స్క్రీన్ చూసి వెలుతురు అంచనా వేయకండి, హిస్టోగ్రామ్ (వెలుతురు ఎక్కడెంత ఉందో చూపే గ్రాఫ్) చూడండి. గీతల గుట్ట కుడి గోడకు అతుక్కుంటే తెలుపులో వివరాలు పోయినట్టు, ఎడమ గోడకు అతుక్కుంటే నలుపులో పోయినట్టు.

ఇంటికొచ్చాక రా ఫైలును కంప్యూటర్‌లో తెరిచి నీడలు పెంచండి, తెలుపు తగ్గించండి. జేపెగ్‌లో ఇంత సవరణకు చోటుండదు. ఒక్క ఫొటోకు ఐదు నిమిషాలు పెట్టి చూడండి. రాతి గరుకు, ఉలి గీతలు పైకి తేలతాయి. అప్పుడు ఫోన్ ఫొటో పక్కన పెట్టి పెద్దది చేసి చూడండి.

వరంగల్ కోటలో కీర్తి తోరణాల దగ్గర ఇంకో ఫిర్యాదు వస్తుంది: కంబాలు లోపలికి వాలినట్టు పడుతున్నాయని. దగ్గర నిలబడి 18 మి.మీ.లో కెమెరా పైకెత్తితే అంతే. వెనక్కి నడవండి, 35 మి.మీ. దాకా జూమ్ చేయండి, కెమెరాను నేలకు నిటారుగా పట్టుకోండి. ట్రైపాడ్ తీసుకెళ్లాలనుకుంటే మాత్రం, పురావస్తు శాఖ కాపాడే కట్టడాల్లో దానికి ముందుగా అనుమతి కావాలి.

7. రెండో లెన్స్: మీ ఫొటోలనే అడగండి

రెండు మూడు నెలలయ్యాక నచ్చిన ఫొటోలన్నీ ఒక ఫోల్డర్‌లో వేయండి. విండోస్‌లో ఆ ఫోల్డర్ తెరిచి, డీటెయిల్స్ వ్యూ పెట్టి, పైన రైట్ క్లిక్ చేసి ఫోకల్ లెంగ్త్ కాలమ్ కలపండి. ఆ కాలమ్ ప్రకారం వరుస పెట్టండి. ఏ అంకె దగ్గర ఎక్కువ ఫొటోలు గుంపుగా ఉన్నాయో కనిపిస్తుంది.

55 దగ్గర గుంపు: ఇంకా దగ్గరికి పోవాలని మీ కన్ను కోరుకుంటోంది. కానీ ఒకసారి ఆలోచించండి. నాలుగడుగులు ముందుకేస్తే సరిపోయేవి ఎన్ని? అవి తీసేశాక కూడా ఎక్కువే మిగిలితే 55-250 లేదా 70-300 కొనండి.

18 దగ్గర గుంపు: ఇరుకు గదులు, మండపాలు. కెనాన్‌కు 10-18, నికాన్‌కు 10-20 ఉన్నాయి. మనుషులను తీసేటప్పుడు అంచుల్లో ముఖాలు సాగుతాయి, గుంపు ఫొటోలకు ఇది వద్దు.

మధ్యలో గుంపు, ఐఎస్ఓ మాత్రం ఎప్పుడూ 3200 పైనే: మీకు కావాల్సింది వెలుతురు. కెనాన్‌కు 50 మి.మీ. ఎఫ్ 1.8 ఎస్‌టీఎం, నికాన్‌కు 35 మి.మీ. ఎఫ్ 1.8 డీఎక్స్. ఎక్కువమందికి నేను చెప్పే రెండో లెన్స్ ఇదే.

35కా, 50కా అన్నది కొనకముందే తేల్చుకోవచ్చు. కిట్ లెన్స్‌ను ఒక ఆదివారమంతా 35 మీద, ఇంకో ఆదివారం 50 మీద ఉంచి, రింగు తిప్పకుండా తీయండి. మన ఇళ్లలో హాలు చిన్నది. 50తో పాప ముఖం వస్తుంది కానీ పాప, నానమ్మ కలిసి రావాలంటే వెనక గోడ తగులుతుంది. ఇంట్లో తీసేవాళ్లకు 35, విడిగా ముఖాలు తీసేవాళ్లకు 50.

పెళ్లిళ్లు తీయాలనుకునేవాళ్లకు 17-50 ఎఫ్ 2.8 లెన్స్ పనికొస్తుంది. సిగ్మా, టామ్రాన్ రెండూ చేసినవి సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతాయి. పీటల మీద తలంబ్రాలు పడేటప్పుడు లెన్స్ మార్చుకునే తీరిక ఉండదు.

పాఖాల, లక్నవరం చెరువుల దగ్గర పక్షులు తీయాలని ఆశపడేవాళ్లకు ఒక మాట ముందే చెబుతున్నా. నీళ్ల మధ్య కూర్చున్న చిన్న పక్షికి 250 చాలదు, 150-600 రకం లెన్స్ బరువుగానూ ఖరీదుగానూ ఉంటుంది. మొదట కొంగలు, నీటికాకులతో 250 మీదే చేయి సాధన చేయండి. ఎగిరే పక్షికి షట్టర్ 1/1000 పైన, కదిలేదాన్ని వెంటాడే ఫోకస్ మోడ్ కెనాన్‌లో ఏఐ సర్వో, నికాన్‌లో ఏఎఫ్-సీ.

8. బతుకమ్మ రాత్రి: అన్నీ ఒక్కచోట పరీక్షకొచ్చే పని

ఎంగిలిపూల రోజు వేయిస్తంభాల గుడి దగ్గర గానీ, సద్దుల రోజు పద్మాక్షి గుట్ట కింద గానీ తీయాలంటే ఈ పద్ధతి పనికొస్తుంది.

సూర్యుడు కుంగక ముందే చేరుకోండి. పూల రంగులు సరిగ్గా వచ్చేది ఆ అరగంటలోనే. తంగేడు పసుపు లైట్ల కింద వేరే రంగైపోతుంది.

చీకటి పడ్డాక ఎఫ్ 1.8 లెన్స్ తగిలించి, అపర్చర్ 2 లేదా 2.2 పెట్టండి. పూర్తిగా తెరిస్తే ఒక్క ముఖమే స్పష్టంగా ఉండి పక్కన ఆడేవాళ్లు మసకబారతారు.

మన కరెంటు 50 హెర్ట్జ్. చాలా లైట్లు సెకనుకు వంద సార్లు మినుకుతాయి, కంటికి తెలియదు గానీ ఫొటోలో తెలుస్తుంది. షట్టర్ 1/500 పెడితే అడ్డచారలు పడొచ్చు, లేదా ఒక ఫొటో తెల్లగా, మరోటి పసుపుగా వస్తుంది. మోడ్‌ను మాన్యువల్ (ఎం)కు మార్చి షట్టర్ 1/100, అపర్చర్ ఆ 2 లేదా 2.2 పెట్టండి, ఐఎస్ఓ ఆటోలోనే ఉంచండి.

1/100కి కదలిక మసకబారదా? బారుతుంది. అందుకే చప్పట్ల కోసం చూడండి. వంగి చేతులు కలిపిన ఆ క్షణం ఒళ్లు ఆగుతుంది. పాట లయ చెవిన పడితే ఆ క్షణం ముందే తెలుస్తుంది. అప్పుడు నొక్కండి.

ఫ్లాష్ వాడకండి, దీపాల వెలుగు చచ్చిపోతుంది. ముఖాలు దగ్గరగా తీసేముందు "అక్కా, ఒక ఫొటో తీసుకోవచ్చా?" అని అడగండి. వద్దంటే వదిలేయండి.

9. దుమ్ము, వాన, ఫంగస్

మేడారం జాతరకు పోతే లెన్స్ ఇంటి దగ్గరే తగిలించుకుని పోండి, అక్కడ మార్చకండి. ఎర్రదుమ్ము సెన్సర్ మీద పడితే అన్ని ఫొటోల్లోనూ మచ్చలే. ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి రాశులు తీసేటప్పుడూ ఇదే జాగ్రత్త. కారం అంటిన చేత్తో వ్యూఫైండర్ ముట్టుకుని, దానికే కన్ను ఆనించకండి.

బొగత జలపాతం దగ్గర తుంపర లెన్స్ మీద పడుతూనే ఉంటుంది. మెత్తటి పొడిగుడ్డలు రెండు మూడు ఉంచుకోండి. ఏసీ కారులోంచి దిగిన వెంటనే బ్యాగు తెరవకండి, అద్దం మీద చెమ్మ పడుతుంది. పావుగంట ఆగండి.

వానాకాలంలో లెన్సులను తోలు కేసుల్లో, బట్టల బీరువాలో పెట్టొద్దు. గాలి చొరని ప్లాస్టిక్ డబ్బా, అందులో సిలికా జెల్, వీలైతే తేమ చూపించే చిన్న మీటరు. తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉంటే మంచిది. రంగు మారిన జెల్‌ను వేడి చేసి ఆరబెట్టి మళ్లీ వాడుకోవచ్చు.

బయల్దేరే ముందు ఇవి:

- బ్యాటరీ నిండుగా, వీలైతే ఇంకోటి.
- కార్డు ఖాళీగా. పాత ఫొటోలు కంప్యూటర్‌లోకి వచ్చాయని చూసుకున్నాకే కెమెరాలోనే ఫార్మాట్ చేయండి.
- ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ మళ్లీ సున్నాకు వచ్చిందా?
- ఐఎస్ఓ నిన్న రాత్రి పెట్టిన 6400 మీదే ఉండిపోలేదు కదా?
- లెన్స్ పక్కన మీట ఆటోఫోకస్ మీద ఉందా?
- గాలి ఊదే రబ్బరు బల్బు, పొడిగుడ్డ, ఒక ప్లాస్టిక్ కవరు.